పురుషోత్తం గారి పంతొమ్మిది

పురుషోత్తం గారు ఇక లేరన్న వార్త అందినప్పుడు నేను ప్లేనోలో మన సరుకుల కొట్టు పార్కింగ్ లాట్‌లో నిలబడి ఉన్నాను. భుజం మీద బియ్యం బస్తా, చంకలో ఏనుగు తొండమంత సొరకాయ. శనివారం ఉదయం పదిన్నర. ఫోన్ చేసింది వారి అమ్మాయి హారిక. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు మాట్లాడితే క్రియలకు తోకలు ఉండవు, ఉన్నా అవి పక్కవాక్యానివి. ఆ రోజు మాత్రం "అంకుల్, నాన్న పోయారు" అన్న మాట ఒక్క తప్పు లేకుండా వచ్చింది. అందుకే నిజమని తెలిసింది. సొరకాయ జారి తారు మీద పడి రెండు ముక్కలైంది. నిద్రలోనే గుండె ఆగిందట. డెబ్బై రెండేళ్లు.

ఆ క్షణాన నాకు కలిగిన భావాలు రెండు. మొదటిది మీ అందరికీ కలిగిందే: నిర్ఘాంతం, శోకం, ఆకాశం కుంగి టెక్సాస్ మీద కూర్చున్నట్టు ఒక భారం. రెండోదాన్ని ఈ వ్యాసం మధ్యలో చెబుతాను. ఇప్పుడే చెబితే మీరు పేజీ తిప్పేసి రియల్ ఎస్టేట్ ప్రకటనలకు వెళ్లిపోతారు.

మన సంఘం పత్రిక చదివేవాళ్లలో పురుషోత్తం గారిని ఎరగనివారు కొత్తగా వచ్చిన ఎమ్మెస్ విద్యార్థులే అయి ఉంటారు. వారి కోసం నాలుగు మాటలు. ఆ మహానుభావుడు ముప్పై ఏళ్లు విమానాల విడిభాగాలు చేసే ఒక కర్మాగారంలో లోహ పరీక్షకుడిగా పనిచేశాడు. ఆయన చేతి కింద నుంచి వెళ్లిన ఒక్క మర కూడా గాలిలో విరగలేదు. రిటైరయ్యాక పరీక్షించడానికి లోహం లేక, ఇంట్లో ఇడ్లీ పాత్ర దగ్గర నుంచి పక్కింటివారి గేటు మడతబందుల దాకా భూతద్దం పెట్టి చూసేవాడని లలిత గారు, అంటే వారి శ్రీమతి, చెబుతారు. ఆ దశలో ఎవరో ఆయన్ని ఊరికి ఉత్తరాన గంట దూరంలో ఉన్న రైఫిల్ రేంజ్‌కి తీసుకెళ్లారు. అందరూ అక్కడ తుపాకిని చూస్తారు, గురిని చూస్తారు. ఈయన నేల మీద పడిన ఇత్తడి గొట్టాన్ని చూశాడు. అంతే, మిగతా ఆయుష్షు ఆ గొట్టానికి ధారపోశాడు.

సంగతి తెలియనివారికి చెబుతున్నాను. తూటా పేలాక గుండు వెళ్లిపోతుంది, మందు కాలిపోతుంది, వాటిని పట్టి ఉంచిన ఇత్తడి గొట్టం మాత్రం మిగిలిపోతుంది. దాన్ని శుభ్రం చేసి, సాగినంత మేర కత్తిరించి, మళ్లీ కొలతకు తెచ్చి, కొత్త మందూ కొత్త గుండూ పెడితే ఇంకోసారి పేలుతుంది. ఆ తర్వాత ఇంకోసారి. ఎన్నిసార్లు? ఈ ఒక్క ప్రశ్న మీద పురుషోత్తం గారు ఏడేళ్లు తపస్సు చేశాడు. మునులు కూడా మధ్యలో లేచి పండో ఫలమో తిన్నారు గానీ ఈయన లేవలేదు.

నన్ను శిష్యుడిగా తీసుకుని మూడేళ్లు. మా అమ్మాయి శనివారం డాన్స్ క్లాసుకి వెళ్లినప్పుడు కారులో మూడు గంటలు కూర్చోవడం కంటే ఆయన గరాజ్ మేలనిపించి చేరాను. ఆ గరాజ్‌లో కారు నిలిచిన దాఖలా లేదు. గోడ నిండా కాఫీ డబ్బాలు, కందిపప్పు డబ్బాలు, లలిత గారి పెళ్లినాటి స్టీలు డబ్బాలు, అన్నిట్లోనూ బంగారు రంగు గొట్టాలు. "పప్పు పోసుకోడానికి నాకు డబ్బా లేదు, ఈయన గొట్టాలకి మాత్రం పద్నాలుగు" అని ఆవిడ వచ్చినవాళ్లందరికీ ఫిర్యాదు చేసేవారు. ఆయన వినేవాడు కాదు. తల వంచి, పేపర్ క్లిప్పుని నిటారుగా సాగదీసి కొసని ఇసుమంత వంచిన తీగతో, గొట్టం లోపల అడుగున తడుముతూ ఉండేవాడు.

ఆ తీగే ఆయన శాస్త్రం మొత్తం. ఇత్తడి రెండుచోట్ల చస్తుందని చెప్పేవాడు. మెడ దగ్గర, బిరుసెక్కి చీలి. అది కంటికి కనిపిస్తుంది, మంటతో మెడ కాల్చి మెత్తబరిస్తే కొన్నాళ్లు ఆగుతుంది. రెండోది అడుగు దగ్గర, లోపలి నుంచి. పేలిన ప్రతిసారీ అక్కడి లోహం కొంచెం ముందుకు జరిగి, గోడ పలచబడి, లోపల ఒక వలయం పడుతుంది. బయటికి నున్నగా, కొత్త పెళ్లికొడుకులా ఉంటుంది. తీగ కొసకి మాత్రం ఆ గాడి తగులుతుంది. తగిలినా పట్టించుకోకుండా పేలిస్తే గొట్టం అడుగున తెగి, వేడి వాయువు వెనక్కి, రైఫిల్‌కి చెంప ఆనించినవాడి ముఖం మీదికి వస్తుంది. గాడి తగిలిన గొట్టాన్ని ఆయన చెత్తబుట్టలో ఊరికే పారేసేవాడు కాదు. ఎవరూ పొరపాటున ఏరుకోకుండా కటింగ్ ప్లేయర్‌తో మూతి నొక్కి, "సెలవు" అని మెల్లగా చెప్పి, అప్పుడు వేసేవాడు.

రేంజ్‌లో ఆయన వైభవం చూడాలి. ఒకసారి ఏడో నంబరు గొట్టం ఎగిరి గడ్డిలో పడింది. పురుషోత్తం గారు పంచాంగ శ్రవణానికి వేసుకునే ఇస్త్రీ చొక్కాతోనే నాలుగు కాళ్ల మీద వెతకడం మొదలెట్టాడు. గుమ్మటంలాంటి పొట్టా, నడుం దాకా గడ్డం ఉన్న ఒక టోపీవాలా వచ్చి కాంటాక్ట్ లెన్స్ పోయిందా అని మర్యాదగా అడిగాడు. కాదు, పదకొండుసార్లు పేలిన గొట్టం, పన్నెండోది ఈవేళ చూడాలి అన్నాడు ఈయన. పది నిమిషాల్లో ఆరుగురు భీమసేనులు ఆయన వెంట మోకాళ్ల మీద గడ్డి దువ్వుతున్నారు. ముప్పావుగంట రేంజ్ స్తంభించింది. గొట్టం దొరికింది. దానికి వలయం పడి ఉంది. మూతి నొక్కి "సెలవు" అన్నాడు. ఆరుగురూ టోపీలు తీశారు. ఐదుగురే తీశారని మా ఆవిడ సవరిస్తుంది, ఆ రోజు ఆవిడ అక్కడ లేకపోయినా.

ఇక ఆయన మీద నా అసహనం గురించి. ఇది సంస్మరణ వ్యాసం గనుక లోపాలు చెప్పకూడదంటారు. చెప్పకపోతే ఆ మనిషి మీకు కనిపించడు. పురుషోత్తం గారు దేనికీ అంకె చెప్పేవాడు కాదు. ఎన్నిసార్లు వస్తుందండీ అని అడిగితే, ఎవరు చేసిన ఇత్తడి, మందు ఎంత, తుపాకిలో తూటా కూర్చునే గది ఎంత వదులు అని ఎదురు ప్రశ్నలు వేసి రెండు గంటల తర్వాత మనల్ని వదిలేసరికి, మనం ఏమడిగామో మనకే గుర్తుండేది కాదు. ఆయన్ని చూసి ఈ పని నేర్చుకున్నవాళ్లు మనలో ఐదుగురున్నారు. అందులో ఒకడైన ప్రసాదు ఒకనాడు విసుగెత్తి, పోనీ సుమారుగా చెప్పండి మాస్టారూ, ఐదా పదా అని ప్రాధేయపడ్డాడు.

"సుమారు అన్న మాట నీ చెంపకి తెలుసా ప్రసాదూ?" అన్నాడు పురుషోత్తం గారు. "సంఖ్య నన్నడక్కు. ప్రతిసారీ తీగ పెట్టి గొట్టాన్నే అడుగు."

ఇంతటి మొండి మనిషి, ఏడేళ్లలో ఒక్క అంకె నోట రానివ్వని మనిషి, కిందటి వనభోజనాల్లో పులిహోర పళ్లెం చేత్తో పట్టుకుని లేచి, "పంతొమ్మిది" అన్నాడు. మీలో చాలామంది అక్కడున్నారు. తన చేతి మీద ఒక మేలిరకం ఇత్తడి పంతొమ్మిది పేలుళ్లు తట్టుకుని, లోపల గాడి జాడైనా లేకుండా నిలిచిందని, అది తాను మెడ కాల్చే పద్ధతి గొప్పతనమే అయి ఉంటుందని అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం నుంచి మన ఐదుగురూ పదిహేను దాకా తీగ పెట్టడం మానేశారు. మాస్టారికి పంతొమ్మిది వస్తే మనకి పదిహేను రాదా అని.

రాదు. ఈ వ్యాసం రాస్తున్నది ఆ మాట చెప్పడానికే. పంతొమ్మిది అబద్ధం. ఆ అబద్ధం ఆయనది కాదు, నాది.

అది ఉగాది వెళ్లిన వారం. బల్ల మీద రెండు డబ్బాలు. ఎర్ర డబ్బాలో యాభై పాత గొట్టాలు, పదిసార్లు పేలినవి. నీలి డబ్బాలో అదే కంపెనీ కొత్తవి యాభై, రెండుసార్లు పేలినవి. గొట్టాల అడుగున ఆయన స్కెచ్ పెన్నుతో ఎరుపు, నీలం చుక్కలు పెట్టేవాడు. శుభ్రం చేసే మరలో, అంటే మొక్కజొన్న కండెల పొట్టు పోసి గంటలకొద్దీ ఒణికించే గిన్నెలో, ఆ చుక్కలు చెరిగిపోతాయి. కాబట్టి ఆయన శాసనం ఒకటే: ఒక దఫాకి ఒక డబ్బా. అది అయ్యాక చుక్కలు పెట్టి, అప్పుడు రెండోది. లలిత గారు భోజనానికి పిలిస్తే ఆయన లోపలికి వెళుతూ, రెండు దఫాలు వేసి ఉంచవయ్యా అన్నాడు. నేను ఎర్ర డబ్బా పోశాను. గిన్నె సగం కూడా నిండలేదు.

ఇక్కడ నా సంసార జీవితం అడ్డం వచ్చింది. పద్దెనిమిదేళ్లుగా నేను ఒకే ధర్మశాస్త్రం కింద బతుకుతున్నాను: సగం నిండిన డిష్‌వాషర్ నడపరాదు. నడిపితే మా ఇంట్లో నీళ్ల గురించీ, కరెంటు గురించీ, మా అమ్మ నన్ను పెంచిన తీరు గురించీ ప్రసంగం జరుగుతుంది. గిన్నె ఖాళీ చూస్తే నా చేయి దానంతట అది పక్కనున్నది తీసి నింపుతుంది. ఆ రోజూ నింపింది. మర మీద మూత పెట్టి మీట నొక్కి, తృప్తిగా ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను. మూత తీసేసరికి నూరు గొట్టాలు, ఒకటే రంగు, ఒకటే మెరుపు. ఒక్కదానికీ చుక్క లేదు.

మెడలు చూశాను. పొడవులు కొలిచాను. ఆయన తీగ తీసుకుని లోపల తడిమాను. మూడేళ్ల శిష్యరికంలో నేను పేపర్ క్లిప్పు వంచడం మాత్రమే నేర్చుకున్నానని అప్పుడు అర్థమైంది. లోపలి నుంచి మజ్జిగ గ్లాసు చప్పుడు వినిపించింది. భోజనం చివరికి వచ్చిందన్నమాట. యాభై లెక్కపెట్టి ఎర్ర డబ్బాలో పోశాను, ఎర్ర చుక్కలు పెట్టాను. యాభై నీలి డబ్బాలో పోశాను, నీలి చుక్కలు పెట్టాను. ఆయన వచ్చి, రెండు దఫాలూ అంత తొందరగా అయ్యాయా అన్నాడు. కొత్త పొట్టు వేశాం కదండీ అన్నాను. నిజమే కదా అని సంతోషించాడు.

తర్వాత జరిగింది మీరు ఊహించగలరు. ఆయన ఊహించలేకపోయాడు, ఎందుకంటే ఆయనకి నా మీద నమ్మకం అడ్డు. రెండు నెలలు తిరగకుండా నీలి డబ్బాలో సగానికి వలయం పడింది. ఆయన లెక్కలు రాసుకునే పుస్తకంలో వాటి లెక్క నాలుగు. నాలుగు పేలుళ్లకే ముసలితనం. ఎర్ర డబ్బాలో సగం పన్నెండు పదమూడుకి పోయాయి, అది సహజమేనన్నాడు. మిగతా సగం ఎంతకీ పోవు. పద్నాలుగు, పదిహేను, పదహారు. ఆయన ముఖంలో ఒక కన్ను సంబరంతోనూ ఒక కన్ను దిగులుతోనూ ఉండేది. ఒకే కంపెనీ, ఒకే మందు, ఒకే చేయి. ఒక డబ్బా చిరంజీవి, ఒక డబ్బా అల్పాయుష్కురాలు. కొత్త కొలతకర్ర కొన్నాడు. మంట వేడి ఎంతో చూపించే రంగు తెప్పించాడు. కళ్లజోడు మార్పించాడు. చివరికి ఒకరోజు నా వైపు తిరిగి మామూలుగా అడిగాడు.

"ఏమయ్యా, ఎప్పుడైనా రెండూ గానీ కలిశాయా?"

"లేదండీ."

"నువ్వు లేదన్నావంటే లేదు" అని పుస్తకంలో ఆ ప్రశ్న కొట్టేశాడు. నా కళ్ల ముందే కొట్టేశాడు, స్కేలు పెట్టి.

అప్పుడే చెప్పొచ్చు కదా అంటారు. చెప్పొచ్చు. వారం గడిచింది, ఇంకో వారం గడిచింది. తిట్టేవాడైతే చెప్పేసేవాణ్ణి. ఆయన తిట్టేవాడు కాదు. నొచ్చుకున్న ముఖంతో గొట్టాలన్నిటినీ మళ్లీ మొదటి నుంచి మొదలెట్టేవాడు. ఆ ఏడేళ్లూ నా చేతిలో పోయాయని ఒప్పుకోవాల్సి వస్తుందనే భయంతో నోరు మూసుకున్నాను. సాఫ్ట్‌వేర్‌లో ఇరవై ఏళ్లుగా పక్కవాడి తప్పు పట్టడమే నా ఉద్యోగం. నా తప్పు నేను చెప్పే కళలో నాకు శిక్షణ లేదు. వనభోజనాల్లో ఆయన పంతొమ్మిది అన్నప్పుడు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది కూడా నేనే. ఎవరైనా వీడియో తీసి ఉంటే చూడండి.

పంతొమ్మిది తర్వాత కూడా ఆయన్ని ఆ నాలుగు వదల్లేదు. నీలి డబ్బా ఎందుకు పోయిందో తేలందే ఎర్ర డబ్బా గొప్ప చెప్పుకోవడం దొంగతనం అనేవాడు. శుక్రవారం మధ్యాహ్నం నాకు ఆఫీస్‌కి ఫోన్ చేశాడు. గొంతులో ఒక కుర్రాడి ఉత్సాహం.

"కారణం దొరికిందయ్యా. ఆదివారం రా. ఫోన్లో చెప్పేది కాదు, నీ ముఖం చూసి చెప్పాలి."

మీటింగ్‌లో ఉన్నాను. దొరికిపోయాను అనుకున్నాను. ఆ రాత్రి తినలేదు. ఆదివారం ఏం చెప్పాలో అద్దం ముందు నాలుగు రకాలుగా ప్రాక్టీస్ చేశాను. ఆ నాలుగింటిలోనూ నేనే బాధితుణ్ణి. మర్నాడు పదిన్నరకి పార్కింగ్ లాట్‌లో హారిక ఫోన్.

ఇప్పుడు ఆ రెండో భావం. ఊపిరి తేలికపడింది. ఒక్క క్షణమే. సొరకాయ నేలను తాకేలోపు వచ్చి వెళ్లిపోయింది. ఇంకెవరూ నన్ను అడగరు అన్న తేలిక. ఈ పత్రికలో నేను పదేళ్లుగా గోరంతని కొండంత చేసి రాస్తున్నానని మీకు తెలుసు. దీన్ని మాత్రం ఉన్నంతే రాస్తున్నాను.

సంతాప సభలో తొమ్మిదిమంది మాట్లాడారు. అందులో ఏడుగురు మనిషి జీవితం కూడా ఇత్తడి గొట్టంలాంటిదే అన్నారు. ఆయన ఉంటే మధ్యలో లేచి బయటికి వెళ్లిపోయేవాడు. ఇత్తడికి వలయం పడితే తీగకి తగులుతుంది, మనిషికి పడితే ఏం తగులుతుందయ్యా అనేవాడు. నిజానికి ఆయన్ని ఈసీజీకి రమ్మని డాక్టరు రెండుసార్లు పిలిస్తే, రెండుసార్లూ ఆ వారం గొట్టాలు కాల్చే పని ఉందని వాయిదా వేశాడట. లలిత గారు ఇది చెప్పినప్పుడు నేను ఆవిడ వైపు చూడలేకపోయాను. ఆ కాల్చే పని ఎందుకు పెరిగిందో నాకు తెలుసు.

పెద్దకర్మ అయిన వారానికి హారిక పిలిచింది. ఉద్యోగం జెర్సీ సిటీలో. అమ్మకి తోడుగా మూడు నెలలు ఇక్కడి నుంచే పని చేస్తానని ఆఫీస్‌లో ఒప్పించుకుంది. చిన్నప్పటి నుంచీ తండ్రితో రేంజ్‌కి వెళ్లిన పిల్ల, గురి ఆయన కంటే మేలు. గరాజ్‌లో బల్ల మీద ఎర్ర డబ్బా తెరిచి పెట్టుకుంది. ఇరవై మూడు గొట్టాలు మిగిలాయి. నాన్నకి ట్వెంటీ చూడాలని ఉండేది అంకుల్, శనివారం నేను షూట్ చేస్తాను, మీరు లోడ్ చేయడానికి హెల్ప్ చేస్తారా అంది. ఆయన రైఫిల్ గోడకి ఆనించి ఉంది. దాని కర్ర మీద, చెంప ఆనేచోట, ఏడేళ్ల నునుపు. శనివారం అక్కడ ఆనేది ఈ పిల్ల చెంప.

అక్కడ నిలబడలేక తలకిందులుగా పెట్టిన పెయింట్ బకెట్ మీద కూర్చున్నాను. చెప్పాను. డిష్‌వాషర్ దగ్గర నుంచి లేదండీ దాకా అంతా. మధ్యలో ఒక హాస్యం కూడా జొప్పించాను, అలవాటు కొద్దీ. ఆ పిల్ల నవ్వలేదు. పుస్తకం తెరిచి తేదీలు చూసింది, పెదవులు కదుపుతూ కూడింది. కొత్తవి అప్పటికి రెండు, కలిశాక తొమ్మిది.

"అయితే ఇవి నైన్‌టీన్ కాదు, ఇలెవెన్. శనివారం పేల్చేది ట్వెల్వ్" అంది. "ఓల్డ్‌వి సగం పోయింది కరెక్ట్‌గా అక్కడే కదా అంకుల్?"

అవునన్నాను. మిగతావి ఏ డబ్బా పిల్లలో కూడా ఖాయంగా చెప్పలేనన్నాను. హారిక పుస్తకం చివరి పేజీ తిప్పి నా ఒళ్లో పెట్టింది. నాన్న తెలుగు హ్యాండ్‌రైటింగ్ నాకు సగమే వస్తుంది, మీరు చదవండి అంది. శుక్రవారం తేదీ వేసి ఉంది. అచ్చు గుద్దినట్టుండే ఆయన అక్షరాలు.

"నీలి డబ్బా నాలుగుకే పోవడానికి కారణం: నా చేయి. మంట దగ్గర వణుకుతున్నట్టుంది, సెగ అడుగు దాకా పాకి లోహం మెత్తబడి ఉంటుంది. వయసు. ఇకమీదట మెడ కాల్చే పని అతనికి అప్పగించాలి. అతని చేయి నిలకడ. ఆదివారం పిలిచి ఎదురుగా చెప్పాలి."

గట్టిగా చదవమంది. చదివాను. ఎక్కడ ఆగానో చెప్పక్కర్లేదు. ఆయన చేయి వణకలేదు. మూడేళ్లు పక్కనే నిలబడి చూశాను, మంట ముందు ఆ చేయి గుడిలో దీపం పట్టినట్టు ఉండేది. నాలుగు నెలలు ఆయన తన కళ్లని, తన వేళ్లని, తన వయసుని ఒక్కొక్కటిగా అనుమానించుకుంటూ వచ్చాడు. అనుమానించనిది నన్నొక్కణ్ణే. నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. ప్రపంచంలో ఏ గొట్టాన్నీ తీగ పెట్టందే నమ్మని మనిషి నన్ను ఒట్టి మాట మీద ఎందుకు నమ్మాలి? ఇంకో రెండుసార్లు అడిగి ఉంటే చెప్పేసేవాణ్ణేమో. ఈ ఏమో పట్టుకుని తిరుగుతున్నాను.

హారిక పెన్ను ఇచ్చింది. "కరెక్ట్ చేయండి అంకుల్. అది నాన్న బుక్. రాంగ్ ఉండకూడదు."

కొట్టేయడానికి చేయి రాలేదు. ఆయన వాక్యం కింద రాశాను: కారణం ఆయన చేయి కాదు. రెండు డబ్బాలనూ కలిపినది నేను. అడిగినప్పుడు లేదన్నది నేను. సంతకం పెట్టాను. అతని చేయి నిలకడ అన్న మాట కింద ఆ సంతకం తేలు పాకినట్టు వచ్చింది.

తర్వాత ఆ పిల్ల కటింగ్ ప్లేయర్ నా చేతిలో పెట్టింది. చరిత్ర తెలియని గొట్టాన్ని నమ్మకూడదన్నది ఆయన మొదటి పాఠం. ఎర్ర డబ్బాలో ఇరవై మూడు, నీలి డబ్బాలో ఇరవై ఒకటి, మొత్తం నలభై నాలుగు మూతులు నొక్కాను. ఇత్తడి మెత్తటిది అంటారు. నలభై నాలుగు నొక్కినవాణ్ణి అడగండి. నొక్కిన ప్రతిదానికీ హారిక "సెలవు" అంది. మొదట నేనూ అన్నాను. ముప్పై దాటాక ఆ పిల్లే అంది. లలిత గారు ఇంట్లోంచి వచ్చి చూసి, ఏమీ అడగకుండా, ఖాళీ అయిన ఎర్ర డబ్బా తీసుకెళ్లి కడిగి కందిపప్పు పోసుకున్నారు. జరిగింది హారిక ఆవిడకి ఆ సాయంత్రమే చెప్పింది. ఆవిడ నాతో ఇంకా మాట్లాడలేదు. కాఫీ మాత్రం పంపిస్తున్నారు, చక్కెర లేకుండా.

కాబట్టి ప్రసాదూ, మిగతా నలుగురూ, పురుషోత్తం గారి పేరు మీద మీరు నమ్ముకున్న పంతొమ్మిదిని ఈ క్షణం మరిచిపోండి. ఆయన అసలు మాట పాతదే: అంకె అడక్కండి, ప్రతిసారీ తీగ పెట్టండి. ఏడేళ్లు ఆ మహా మొండివాడు అంకె చెప్పకుండా మనల్ని విసిగించింది మన చెంపల కోసం. చెప్పిన ఒక్క అంకే తప్పయింది, నా వల్ల. ఆ లోహాన్ని అంత ఓపికగా వినేవాడు మన ఊళ్లోనే కాదు, ఈ రాష్ట్రంలో ఇంకొకడు లేడు. ఇత్తడి ఎంతకాలం నిలుస్తుందన్న ప్రశ్నకి జవాబు తెలుసుకునే అర్హత ఉన్న ఒకే మనిషి తప్పు జవాబుతో వెళ్లిపోయాడు. ఆయన ఆత్మకి శాంతి అని రాయబోయి ఆగాను. లెక్క తేలకుండా ఆయన శాంతించే రకం కాదు.

అందుకే హారికా నేనూ మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టాం. కొత్తవి యాభై, ఒకటే డబ్బా. ప్రతి శనివారం రేంజ్‌కి వెళుతున్నాం. మెడలు ఆ పిల్లే కాలుస్తుంది. శుభ్రం చేసే పని నాకే ఉంచింది. మర సగం ఖాళీగా తిరుగుతుంటే పక్కన చేతులు కట్టుకుని కూర్చుంటాను. పుస్తకంలో ఆ పిల్ల కొత్తగా ఒక గడి గీసింది. పైన కష్టపడి, గుణింతాలు కూడబలుక్కుని, తెలుగులోనే రాసింది: "కలిశాయా?" ప్రతి దఫా తర్వాత ఆ గడిలో నేను నా చేత్తో "లేదండీ" అని రాయాలి.

ఇప్పటికి మూడుసార్లు రాశాను. మూడూ నిజాలే. అడిగినవాడే లేడు.